బండిలో పెట్టుకునే పార – కొనేముందు చూడవలసినవి

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)



నాకంటే ముందు మాట్లాడిన మిత్రులు డి.ఏ. బకాయిల గురించి, హెల్తు కార్డుల గురించి చక్కగా చెప్పారు. వాటి తర్వాత నన్ను పార గురించి మాట్లాడమన్నారు కార్యదర్శి గారు. నవ్వుతున్నారు. నవ్వండి, భోజనాల వేళ దగ్గర పడుతోంది కనుక నవ్వు మంచిదే. విషయం మాత్రం నవ్వులాట కాదు. మన సభ్యుల్లో ఎంతోమంది కొడుకులు, అల్లుళ్లు, మనవలు ఇప్పుడు జీపుల్లాంటి బండ్లు కొంటున్నారు. సెలవు వస్తే మారేడుమిల్లి అంటారు, లంబసింగి అంటారు, సముద్రపు ఒడ్డు అంటారు. మనల్ని కూడా ఎక్కించుకుని వెళ్తున్నారు. బండి దిగబడితే వెనక సీట్లో కూర్చుని ఉండేది మనమే. అంచేత ఆ బండిలో ఏ పార ఉందో తెలుసుకోవడం మనకు అవసరం.

నాకు బండి నడపడం రాదు. నేను ఇంజనీరును కాను. నీటిపారుదల శాఖలో గుమాస్తాగా చేరి, సర్వీసులో ఎక్కువ భాగం సబ్ డివిజను ఆఫీసుల్లో స్టోర్సు, టి అండ్ పి రిజిస్టర్లు రాసినవాణ్ణి. టూల్సు అండ్ ప్లాంటు అన్నమాట. కాలవ గట్టు తెగినా, తూము పూడినా ముందు కావలసినవి పారలు, గునపాలు, తట్టలు, ఇసుక బస్తాలు. మా రిజిస్టర్లో మమ్మటి ఒక పద్దు, షవల్ మరో పద్దు. మద్రాసు కాలం నుంచి వచ్చిన పేర్లు అవి. మమ్మటి అంటే మన పార, రేకు కామకు అడ్డంగా ఉండి మట్టిని మన వైపు లాగేది. షవల్ అంటే రేకు కామకు సూటిగా ఉండి ఎత్తి పోసేది. ఈ రెంటినీ ఒకే పద్దులో రాస్తే ఆడిట్ వారు ఊరుకునేవారు కారు. ఒక్క షవల్ లెక్క తేలక నో డ్యూ సర్టిఫికెట్టు ఆగిపోయి, పెన్షను కోసం ఆఫీసు చుట్టూ తిరిగిన వర్కు ఇన్‌స్పెక్టర్లు ఈ హాల్లోనే ఉన్నారు. వారి పేర్లు చెప్పను.

ఏ పార ఎన్నాళ్లు ఆగింది, ఎక్కడ విరిగింది, ఎందుకు కండెమ్ చేశాం అన్నది ఏళ్ల తరబడి నా చేతులతో రాశాను. నాకున్న అర్హత అంతే.

పూర్వపు జీపుకు పార కొత్త సంగతి కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వారి విల్లీస్ జీపు ఎడమ పక్కన, డ్రైవరు ఎక్కే చోటుకు దిగువన, బాడీకి బయట ఒక పొడవాటి పార, ఒక గొడ్డలి పట్టీలతో కట్టి ఉండేవి. ఇప్పటి బండ్లు అలా కావు. బాడీకి బయట ఏమైనా కడితే పిల్లలు పెయింటు పోతుందంటారు. లోపలేమో చోటు లేదు. మూడు తలుపుల థార్ బండిలో వెనక సీట్లు వాల్చకుండా ఉంటే రెండు చేతిసంచులు పట్టడమే కష్టం. జిమ్నీలో అంతకంటే కాస్త నయం. అందుకే అందరూ మడత పార వైపు చూస్తున్నారు.

మడత పార పుట్టింది సిపాయి కోసం. 1869లో లిన్నెమాన్ అనే డెన్మార్కు సైనికాధికారి సిపాయి నడుముకు తగిలించుకునే పొట్టి పారకు పేటెంటు తీసుకున్నాడు. రష్యా వారు దాన్నే తమదిగా చేసుకున్నారు. వారిది సరిగ్గా 50 సెంటీమీటర్ల పొడవు, మడత లేదు, పాడవడానికి అందులో ఏమీ లేదు. జర్మనులు 1938లో మడత పెట్టారు. అమెరికా వారు దాన్ని చూసి 1943లో తమ మడత పార చేసుకున్నారు. 1967లో అల్యూమినియం కామతో, మూడు ముక్కలుగా మడిచేది తెచ్చారు. ఇవాళ బజారులోనూ ఫోనులోనూ మనకు కనిపించేవి చాలావరకు ఈ చివరి దాని పిల్లలు, మనవలు. తెరిస్తే సుమారు రెండడుగులు.

ఇక్కడ కాస్త ఆలోచించండి. సిపాయికి ఆ పార ఎందుకు? గుండ్లు పడుతుంటే పడుకునో, మోకాళ్ల మీద కూర్చునో, తన శరీరం పట్టేంత గొయ్యి తవ్వుకోవడానికి. ఆ పనికి పొట్టి కామే సుఖం. మన పని వేరు. మన బండి ఇసుకలో కూర్చుంది. నాలుగు చక్రాలూ తిరుగుతున్నాయి, బండి కదలదు. ఎందుకంటే బొజ్జ ఇసుకకు ఆనింది. వెనక ఇరుసు మధ్యలో గుమ్మడికాయంత ఇనుప ఉండ ఒకటి ఉంటుంది, డిఫరెన్షియల్ హౌసింగు. చాలాసార్లు ముందు ఆనేది అదే. దాని కింద ఇసుక తీయాలి. థార్ వెడల్పు 1820 మిల్లీమీటర్లు. అంటే పక్కనుంచి మధ్యకు సుమారు మూడడుగులు. నేలకూ బండికీ మధ్య ఖాళీ చదును నేల మీద 226 మిల్లీమీటర్లు, దిగబడ్డాక అందులో ఎంత మిగులుతుందో మీరే లెక్క వేయండి. జిమ్నీ వెడల్పు 1645, ఖాళీ 210.

రెండడుగుల పారతో మూడడుగుల దూరంలో ఉన్న ఇసుక తీయాలంటే మిగిలిన అడుగు ఎక్కడి నుంచి వస్తుంది? మన చెయ్యి, భుజం, తల బండి కిందికి పోవాలి. ఇసుకలో కూర్చున్న బండి తవ్వుతున్న కొద్దీ ఒక్కసారి దిగుతుంది. కనుక పార ఎంపికలో నేను చూసే మొదటి సంగతి పొడవు. మడత, బరువు, ధర అన్నీ ఆ తర్వాతే. మా మనవడు దీనికి ఒప్పుకోడు. వాడికి డిక్కీలో పట్టడం ముఖ్యం. ఈ వాదం మా ఇంట్లో ఇంకా నడుస్తోంది.

ఇప్పుడు 1977 సంగతి చెప్పాలి. ఆ ఏడు నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమను ఏం చేసిందో ఈ సభలో చాలామందికి తెలుసు. పది వేలకు పైగా మనుషులు పోయారు. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. ఆఫీసుల నుంచి గుమాస్తాలను సహాయ కార్యక్రమాలకు పంపారు, నేనూ వెళ్లాను. బ్లీచింగు పౌడరు, బియ్యం దించి అవనిగడ్డకు తిరిగి వస్తున్నాం. దారిలో ఒక తల్లి ఆరేడేళ్ల పాపను జీపులో పడుకోబెట్టింది. వాంతులు, విరేచనాలు. పాప కళ్లు లోపలికి పోయాయి, నోరు తెరిస్తే మాట లేదు. అవనిగడ్డ డాక్టర్ల దగ్గరికి చేరిస్తే సెలైను ఎక్కిస్తారు. అంతలో జీపు ఉప్పెన తెచ్చి పోసిన మెత్తటి ఒండ్రులో దిగబడింది.

జీపులో పార ఉంది. మిలిటరీ డిస్పోజల్సులో కొన్న మడత పార. ఏ ఆఫీసు జీపో, ఎవరు కొన్నారో ఇప్పుడు అనవసరం. డ్రైవరు దాన్ని విప్పాడు. రేకును బిగించే పెద్ద నట్టు ఒకటి ఉంటుంది, అది ఉప్పునీటికి తుప్పు పట్టి సగంలో ఆగింది. పోటు వేసినప్పుడల్లా రేకు వెనక్కి మడుచుకుపోతోంది. మట్టి రావడం లేదు సరిగదా, డ్రైవరు వేళ్లు నలిగి రక్తం వచ్చింది. నేను చేతులతో తీస్తున్నాను. తల్లి జీపు దిగలేదు, పాప తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అరగంట పోయింది.

పక్క మెరక మీద నుంచి ఒకాయన వచ్చాడు. చేతిలో మామూలు పార. ఉప్పెనలో తన ఇల్లు పోగా, తన వాళ్ల కోసం మట్టి తీస్తున్నాడని తర్వాత తెలిసింది. మా చేతిలోదాన్ని చూసి, "ఇదేం పార బాబూ, పిల్లకాయల ఆటవస్తువు" అన్నాడు. అంతే, ఇంకో మాట మాట్లాడలేదు. జీపు పక్కన ఒరిగి, కింద నుంచి మట్టిని తన వైపు లాగాడు. చక్రాల ముందు వాలుగా చెక్కాడు. కొట్టుకొచ్చిన తాటాకులు తెచ్చి తొక్కించాడు. జీపు లేచింది. పాపకు సెలైను అందింది, రెండు రోజుల తర్వాత లేచి కూర్చుంది, నా కళ్లారా చూశాను. ఆయన పేరు అడిగే తీరిక మాకు లేకపోయింది.

అప్పటినుంచి ఏ మడత పార చూసినా నా చెయ్యి ముందు కీలు మీదికే పోతుంది. మీరూ అలాగే చేయండి. రేకు విప్పి, నట్టు పూర్తిగా బిగించి, కామ చివర పట్టుకుని పక్కలకు ఊపండి. కొత్తదే టకటకమని ఆడుతుంటే నాలుగు పోట్లకు వదులైపోతుంది. నట్టు మీద గరుకు గాట్లు లోతుగా ఉన్నాయా, తడిచేత్తో తిప్పగలమా చూడండి. మర సన్నదైతే రెండు ఇసుక రేణువులు చాలు, పట్టేస్తుంది. లావుపాటి మర నయం. మడతలు ఎన్ని ఉంటే అన్ని నొప్పులు. ఒక మడత దానికంటే రెండు మడతలది బలహీనం, మర బిగించి ముక్కలు ముక్కలుగా కలిపేది అంతకంటే బలహీనం. ఇది ఎవరి మీదా అభియోగం కాదు, మా కండెమ్నేషన్ స్టేట్‌మెంట్లలో రాసిన సత్యం. ఏ పనిముట్టయినా విరిగేది అతుకు దగ్గరే.

ఈ సందర్భంలో ఇంకొకటి చెప్పాలి. ఇప్పుడు పద్దెనిమిది పనులు చేసే పారలు వస్తున్నాయి. కామలో చాకు, రంపం, ఈల, నిప్పు రాజేసే పుల్ల, పైన దిక్సూచి. మా మనవడు మొదట తెచ్చింది అదే. ఇనుము పక్కన పెట్టిన దిక్సూచి ఏ దిక్కు చూపిస్తుందో చెప్పడానికి సైన్సు మాష్టారు అక్కర్లేదు. కామ లోపల అవన్నీ పట్టాలంటే అది డొల్లగా ఉండాలి. డొల్ల కామ మీద బరువు మోపి గులకరాయి పెకలించి చూడండి. మాది రెండో రోజునే మర దగ్గర వంగింది. ఈల మాత్రం బాగా పనిచేస్తోంది, మునిమనవరాలు ఆడుకుంటోంది.

రేకు విషయానికి వద్దాం. మందం ఎక్కువ ఉంటే మంచిదని అందరూ అనుకుంటారు. మందం కంటే ఉక్కు ముఖ్యం. మెత్తటి రేకు ఎంత మందమున్నా రాయి తగిలితే అంచు మడుచుకుంటుంది. కాచి పదును పెట్టిన ఉక్కు వంగి మళ్లీ తన రూపానికి వస్తుంది. వేలితో వేలాడదీసి నాణెంతో కొట్టండి, ఖంగుమనాలి. ఇది మా స్టోర్సుకు సరుకు దింపే కమ్మరి నేర్పిన పరీక్ష, ఏ మాన్యువల్లోనూ లేదు. మడత పారకు కీలు వదులుగా ఉంటే ఈ పరీక్ష పనికిరాదు, అది వేరే మోగుతుంది. తర్వాత రేకు భుజం చూడండి. కాలు పెట్టే చోట అంచు వెనక్కి మడిచి ఉండాలి. లేకపోతే చెప్పుల కాలుతో తొక్కినప్పుడు అరికాలు తెగుతుంది.

రేకు పెద్దదైతే పని త్వరగా అవుతుందనేది ఇంకో భ్రమ. ఆరడుగుల కుర్రవాడికి అవుతుందేమో. తడి ఇసుక ఘనపు మీటరు దాదాపు రెండు టన్నులు తూగుతుంది. అంటే రెండు లీటర్ల ఇసుక ఎత్తితే నాలుగు కిలోలు. కూలీ పారతో ఒక్కో పోటుకు అంత ఎత్తుతూ పోతే మన వయసు వాడు పది నిమిషాలకు గుండె పట్టుకు కూర్చుంటాడు. పైగా వెడల్పు రేకు బండి కింద దూరదు. ఆరంగుళాల వెడల్పు చాలు, ఎనిమిది దాటవద్దు. మొన సంగతి నేలను బట్టి. కోసుగా ఉన్నది గట్టి నేలలో దిగుతుంది, చదరంగా ఉన్నది ఇసుక తోడుతుంది. ఒక్కటే కొనాలంటే కోసుది కొనండి. దానితో ఇసుక తీయవచ్చు, చదరపు దానితో మొరం తవ్వలేం.

మా బందరు చుట్టుపక్కల నేలలే తీసుకోండి. మంగినపూడి బీచిలో ఇసుకకు బదులు నల్లటి ఒండ్రు. అది రేకుకు పిండిలా అతుక్కుంటుంది. రేకును నీళ్లలో ముంచి పోటు వేస్తే కొంత వదులుతుంది. పెయింటు గరుకుగా ఉన్న రేకుకు మరీ పడుతుంది, వాడి వాడి నునుపెక్కిన పాత పారకు తక్కువ పడుతుంది. నల్లరేగడి కూడా ఇదే జాతి, వాన పడ్డాక చక్రాన్ని పట్టుకుని వదలదు. అక్కడ చక్రం పక్కన గాడి చేసి, గాలి, నీళ్లు ఆడేటట్లు చూడాలి. హంసలదీవి దగ్గర పాలకాయతిప్ప ఒడ్డున పొడి ఇసుక. అక్కడ ఎంత తీస్తే అంత జారి పడుతుంది. ఇసుకను ఎత్తి పోయడం కంటే లాగడం తేలిక. ఆ ఉప్పెన నాటి ఆయన చేసిందీ అదే. మన పార పని అన్నమాట. మంచి మడత పారలో రేకును కామకు అడ్డంగా, తొంభై డిగ్రీల దగ్గర బిగించే ఏర్పాటు ఉంటుంది. అది లేని మడత పార కొనవద్దని నా సలహా. ఆ స్థానంలో కూడా పట్టు గట్టిగా ఉందో లేదో దుకాణంలోనే చూడండి, కొన్ని సూటిగా బాగుండి అడ్డంగా పెట్టగానే లొడలొడలాడతాయి.

సముద్రపు ఒడ్డుకు బండి దింపే ముందు అక్కడి వారిని అడగండి. అన్ని చోట్లా అనుమతి ఉండదు. చలికాలం చివర్లో తాబేళ్లు గుడ్లు పెట్టే ఒడ్లు మనవి.

కామ గురించి ఎంత చెప్పినా తక్కువే. మా రోజుల్లో తుమ్మకర్ర కామలు. బరువు, కానీ విరగవు. ఎండకు కర్ర ఎండితే రేకు వదులవుతుంది, చెక్క చీలిక దిగ్గొట్టుకునేవాళ్లం. ఎండలో నిలబెట్టిన కారులో అదే జరుగుతుంది, కనుక ఏడాదికి రెండుసార్లు అవిసె నూనె రాయాలి. ఫైబరు కామలకు ఈ బాధ లేదు, తేలిక కూడా. ఇనుప గొట్టం కామ ఎండకు కాలుతుంది, చేతికి గుడ్డ చుట్టుకోవాలి. కామ చివర పట్టు డి అక్షరంలా ఉంటే మోకాళ్ల మీద కూర్చున్నవాడికి మణికట్టు తిరగదు. ఆ డి లోపల తొడుగు వేసుకున్న చెయ్యి పట్టాలి. చాలా వాటిలో పట్టదు. దుకాణానికి వెళ్లేటప్పుడు తొడుగు తీసుకెళ్లండి.

ఇంత చెప్పాక ఏది కొనాలి అని అడుగుతారు. చోటుంటే, కనీసం మూడడుగుల పొడవున్న, మడత లేని, డి పట్టు పార. దాన్ని వెనక సీటు వెంబడి అడ్డంగా పట్టీలతో కట్టవచ్చు. మేం కొలిచి చూశాం, మా వాడి థార్లో పట్టింది. చోటు లేదంటే ఒకే మడత, లావు మర, తొంభై డిగ్రీల పట్టు ఉన్నది. పొడవు తక్కువైన లోటు తీరడానికి దానితో పాటు చిన్న కలుపు పార ఒకటి, కామ మూడడుగులది విడిగా పెట్టుకుని, అవసరమైతే తొడుక్కోవచ్చు. మా మనవడు దీనికి సగం ఒప్పుకున్నాడు. ఏదైనా సరే, విడిగా పడేయకండి. సడన్ బ్రేకు వేస్తే పార ముందుకు ఎగిరి వస్తుంది, ముందు సీట్లో తలలు ఉంటాయి. అంచుకు పాత సైకిలు ట్యూబు చీల్చి తొడగండి.

పార తీసే ముందు చేయవలసినవి ఉన్నాయి. చక్రం తిరుగుతూ దిగుతోందని తెలియగానే యాక్సిలరేటరు మీద కాలు తీయమనండి. తొక్కిన కొద్దీ తవ్వకం పెరుగుతుంది, ఆ తవ్వకం పూడ్చేది మనమే. ఇసుకలో టైర్ల గాలి 15, 18 పౌండ్లకు దించితే చాలాసార్లు పారతో పనే ఉండదు. మళ్లీ గాలి కొట్టే చిన్న పంపు బండిలో ఉండాలి. తవ్వేటప్పుడు ఇంజను ఆపాలి, హ్యాండు బ్రేకు వేయాలి. వాలు మీద అయితే దిగువ పక్క ఎవరూ ఉండకూడదు. పొగ గొట్టం మట్టిలో కూరుకుంటే ముందు అది శుభ్రం చేయాలి, లేకపోతే పొగ బండిలోకి వస్తుంది, ఆ పొగలోని విషవాయువుకు వాసన కూడా తెలియదు, ప్రాణం తీస్తుంది. ఆ తర్వాత బొజ్జ కింద, ఇరుసు కింద, ఆఖరున చక్రాల ముందు వాలు. రెండు గోనె సంచులు పరిచి నెమ్మదిగా కదిలించాలి. పారను గునపంలా వాడి బండిని లేపబోవద్దు, తాడు కట్టి లాగే మేకుగా పాతవద్దు.

మన సభ్యులకు ఒక విన్నపం. స్టెంట్లు వేయించుకున్నవారు, నడుముకు బెల్టు కట్టేవారు పార ముట్టవద్దు. ఎక్కడ తవ్వాలో చెప్పండి, కుర్రవాళ్లు తవ్వుతారు. సముద్రం దగ్గర వాడిన పారను ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగించి, కీలుకు నూనె వేయించే పని కూడా మనదే. వాళ్లు చేయరు, నాకు తెలుసు.

మా మనవడి మడత పార ఒకటి, నేను బందరు బజారులో కామ వేయించిన పార ఒకటి బయట వేపచెట్టు కింద పెట్టాను. పక్కనే ఇసుక కుప్ప ఉంది. టీ తాగాక కావలసినవారు పట్టుకుని చూడండి. మడత పార నట్టు దగ్గర వేళ్లు జాగ్రత్త.